తొంభై దాటాక వచ్చే వణుకు

212వ ప్రయాణం

అనుమానాన్ని రుజువయ్యేదాకా కడుపులోనే దాచుకోవాలా, అనుమానమనే చెప్పి బయటపెట్టాలా? ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. యూనివర్సిటీలో తర్కం పాఠాలు చెప్పే రోజుల్లో, పరీక్ష హాల్లో ఒకమ్మాయి మీద అనుమానం వచ్చి కాగితం మీద రాసిచ్చాను. ఆ అమ్మాయి తప్పేమీ లేదని విచారణలో తేలింది. తేలేసరికి ఆమె చదువు మానేసి వెళ్ళిపోయింది. పోనీ నేను రాయకుండా ఊరుకుని, ఆమె నిజంగానే కాపీ కొట్టి ఉంటే? అప్పుడూ నాకు నిద్ర పట్టేది కాదేమో. నా తత్వమే అంత.

డ్రైవర్ పక్కన కూర్చుని నేను రాసే ఈ బండి లాగ్ పుస్తకంలో కుడి పేజీ ఆఫీసుది. బయల్దేరిన టైము, చేరిన టైము, బ్యాటరీ ఎంత, పెట్టె మీద వణుకు కొలిచే ముల్లు ఎంతదాకా వెళ్ళింది, కింద డ్రైవర్ సంతకం. సిరాతోనే రాయాలి, కొట్టివేతలు చెల్లవు. తప్పు రాస్తే తర్వాతి పేజీలో దిద్దుకోవాలి. ఎడమ పేజీ ఖాళీగా వదలమన్నారు. ఎందుకో చెప్పలేదు గనక నేను వాడుకుంటున్నాను.

ఈరోజు కుడి పేజీ సంగతి: కంటి పొరలు పెంచే ఊటకొండ పొరశాల నుంచి ఉదయం ఆరుంబావుకు బయల్దేరాం. రెండు వందల అరవై కిలోమీటర్లు. తుమ్మలబయలు కంటాసుపత్రికి తొమ్మిదికి రెండు నిమిషాల ముందు చేరాం. ముల్లు ఎనిమిది. ఆరు దగ్గర ఎర్రగీత. పొర చెడింది.

ఆ పొర చెన్నరాయుడిది. రోడ్ల పక్కన ఆగిపోయిన గుడ్డిబండ్లు విప్పే పనిలో బ్యాటరీ పగిలి రెండు కళ్ళూ కాలిపోయిన మనిషి. ఆయన చెంప లోపలి నుంచి గోరంత ముక్క తీసి, ఐదు వారాలు వెచ్చని గదిలో పెంచితే, కాలిన కంటికి అతికించే ఆ పొర తయారైంది. పొరశాల దాటి బయటికొస్తే మూడు గంటలే దాని ప్రాణం, అందులో చివరి పావుగంట ఆసుపత్రికి కావాలి. ఎనభైలో నడిపితే మూడుంబావు పడుతుంది, అంటే వట్టి పెట్టె చేరుతుంది. తొంభై దాటిస్తే బండి వణుకుతోంది. వణికితే పాల మీద మీగడ ముడతపడ్డట్టు పొర ముడతపడి అడుగు వదిలేస్తుంది.

డాక్టరమ్మ భూతద్దంలో చూసి పెట్టె మూత వేసేసింది. వరండాలో చెన్నరాయుడి భార్య ఈరమ్మ నిలబడి ఉంది. ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి. నేను సంతకాలు పెట్టే నెపం మీద తల దించుకున్నాను. డాక్టరమ్మే వెళ్ళి చెప్పింది.

ఇది రెండోది. మొదటిది 209లో, ఖాజాబీది. సున్నపు బట్టీలో పనిచేసే ఆమె కళ్ళలో ఉడుకు సున్నం పడింది. ఆమెకు ఇంకో పొర పెరుగుతోంది, తొమ్మిది రోజుల్లో సిద్ధమవుతుంది. చెంపలో ఇక తీయడానికి చోటు లేదట, ఇదే ఆఖరుది. సాయంత్రం ఆఫీసు నుంచి తీగ ఫోన్ వచ్చింది. ఇదీ చెడితే ఈ దారిలో పొరలు పంపడం ఆపేస్తామన్నారు. పారబోయడానికి పెంచలేమన్నారు. వాళ్ళ మాటలో తప్పు పట్టలేకపోయాను.

213వ ప్రయాణం. ఖాజాబీ పొరకు ఆరు రోజులు

పెట్టె లేదు, మందులు మాత్రమే. మొన్న డిపో నుంచి కొత్త షాక్ అబ్జార్బర్లు వచ్చాయి, నిన్నంతా అవి బిగించాం. ఈరోజు తొంభై దాటగానే మళ్ళీ అదే వణుకు. నూట పదిహేను దగ్గర తగ్గుతుందట గానీ, ఈ రోడ్డు మీద నూట పదిహేను అంటే పొరతో పాటు మేమూ చెడతాం.

డ్రైవర్ కుళ్లాయప్ప గురించి రాయాలి. వయసు అరవై ఏడు. కుర్రతనంలో లారీ నడిపాడు. తర్వాత కార్లన్నీ వాటంతటవే నడిచే కాలం వచ్చి ఆయన్ని ముప్పై ఏళ్ళు ఇంట్లో కూర్చోబెట్టింది. పైన తిరిగే ఉపగ్రహాలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని ఆకాశం మూసుకుపోయి తొమ్మిదేళ్ళయింది. దారి చెప్పేవాళ్ళు లేక ఆ కార్లు గుడ్డివైపోయాయి. రోడ్డు పొడుగునా వాటిలో ఇప్పుడు కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చారు చేత్తో నడిపేవాళ్ళు. జిల్లా మొత్తం వెతికితే పద్నాలుగు మంది దొరికారు, అందులో ఈయనొకడు.

టీ గ్లాసు పట్టుకుంటే ఆయన చేతులు వణుకుతాయి. గ్లాసు సగమే పోయించుకుంటాడు. ఇన్నాళ్ళూ చూశాను, పట్టించుకోలేదు. ఈరోజు పట్టించుకున్నాను. షాక్ అబ్జార్బర్లు మార్చినా పోని వణుకు ఎక్కడి నుంచి వస్తున్నట్టు? కుడి పేజీలో చివరి గడిలో రాశాను: "డ్రైవర్ చేతుల్లో వణుకు ఉన్నట్టు తోస్తోంది. పరీక్ష చేయించడం మంచిది."

సంతకానికి ముందు పేజీ చదివి వినిపించడం అలవాటు. ఆయనకు దగ్గరి చూపు ఆనదు. టైములు చదివాను, బ్యాటరీ చదివాను. ఆ వాక్యం దగ్గరికొచ్చి ఆగి, పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. సంతకం పెట్టాడు.

ఖాజాబీ పొరకు ఐదు రోజులు

ప్రయాణం లేని రోజు. పొద్దున్నే కుళ్లాయప్ప నా గది ముందు బండి ఆపి, ఎక్కమన్నాడు. ఊటకొండ అవతల పాత విమానాల మైదానానికి తీసుకెళ్ళాడు. మూడు కిలోమీటర్ల సిమెంటు దారి, పగుళ్ళలో తంగేడు మొక్కలు. అక్కడ దిగి, తన సీటు చూపించి నన్ను కూర్చోమన్నాడు.

నా వయసువాళ్ళం స్టీరింగ్ ముట్టుకున్నవాళ్ళం కాదు. నాకు నలభై ఆరు. కారు అంటే వెనక సీట్లో కూర్చుని పేపర్లు దిద్దుకునే చోటు. నాకు రాదన్నాను. ఎదురుగా గుద్దడానికి ఏమీ లేదు కదా, నేర్చుకోడానికి ఇంతకంటే మంచి చోటు యాడ దొరుకుతాది అన్నాడు. మొదట ఇరవైలో అటూ ఇటూ తిప్పించాడు. రెండుసార్లు తంగేడు పొదలోకి దించాను. "ఆ చెట్టుకు నీతో ఏం పగ లేదు, వదిలెయ్" అన్నాడు. ఎండ ఎక్కేసరికి అరవై వచ్చింది. ఆ తర్వాత తొంభై.

వణుకు వచ్చింది. అదే వణుకు, నా చేతుల కింద.

"ఇప్పుడు చెప్పు అమ్మణ్ణీ, వణుకు యాడ తగులుతాండాది? చేతులకా, కూచున్నకాడా?"

కూర్చున్న దగ్గరే అన్నాను. స్టీరింగ్ కదలకుండా ఉంది. సీటు, నడుము, వెన్ను, అంతా సన్నగా అదురుతోంది.

"చేతులకు తగిల్తే ముందర చక్రాలు. సీటుకు తగిల్తే ఎనక చక్రాలు. ఇది ఎనకది."

ఇంకో రౌండు వేయించి, తొంభై అయిదులో గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టమన్నాడు. మోటారు పని మానేసింది, బండి ఊపు మీద పోతోంది, వణుకు పోలేదు. మోటారుది కాదన్నమాట. మూడో రౌండులో బ్రేకు మీద కాలు ఆనించమన్నాడు. వణుకు పెరగలేదు, తగ్గనూ లేదు. బ్రేకు డిస్కులది కాదు.

నేను బండి ఆపేశాను. ఆయన చేతులది కాదని తేల్చడానికి మొదటి రౌండే చాలు. అది తేల్చడానికే నన్ను తెచ్చాడని అప్పటికి అర్థమైంది.

అన్నా, నేను పుస్తకంలో ఒక మాట రాశాను, అని మొదలుపెట్టాను.

"తెలుసులే. చార్జింగ్ కాడ పనిచేసే బాబయ్య పుస్తకం చదివి చెప్పినాడు." కిటికీలోంచి మైదానం వైపు చూస్తూ అన్నాడు. "గ్లాసు పట్టుకుంటే వణుకుతాయి, నిజమే. స్టీరింగ్ పట్టుకుంటే ఆగుతాయి. ఎందుకో నాకే తెలీదు. నీకు అనుమానమొచ్చింది, రాసినావు. రాయాల్సిందే, నీ పనే అది. కానీ నాకు చదివి వినిపించేటప్పుడు ఆ మాట దాటేసినావు చూడు, అది బాగలేదు."

ఇరవై ఏళ్ళ ప్రశ్నకు ఆయన జవాబు చెప్పాడనను. కానీ నేను ఇన్నేళ్ళూ చెప్పాలా, మానాలా అని రెండే చూశాను. ఎవరి గురించి చెబుతున్నామో వాళ్ళ ముందు చెప్పడమనే మూడోది ఒకటుందని ఏ తర్కం క్లాసులోనూ నేను చెప్పలేదు.

క్షమించమని అడిగాను. బ్యాటరీ అయిపోతాండాది, ఇంటికి పోనీ అన్నాడు. మైదానం గేటు దాకా నేనే నడిపాను.

ఈరోజు కుడి పేజీలో దిద్దుబాటు రాసి, ఆయనకు మొత్తం చదివి వినిపించాను: "213లో డ్రైవర్ మీద రాసిన అనుమానం తప్పు. ఈ లాగ్ రాసే మనిషి నడిపినప్పుడూ వణుకు అంతే ఉంది." ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. సంతకం కాస్త పెద్దదిగా పెట్టాడు.

ఖాజాబీ పొరకు నాలుగు రోజులు

వెనక చక్రాలు రెండున్నాయి. రెండూ ఒకేసారి మార్చేస్తే పోదా అన్నాను. కుళ్లాయప్ప జాకీ తిప్పుతూ నవ్వాడు.

"ఒక్కతూరికి ఒక్కటే మార్చాలమ్మా. రెండు మార్చి బాగైతే, దేనివల్ల బాగైందో దేవునికి గూడా తెలీదు."

పదకొండేళ్ళు నేను బోర్డు మీద రాసిన పాఠం ఇది. పిల్లలకు నమూనా పట్టికలు వేసి చెప్పేదాన్ని. గ్రీజు చేతులతో ఒక్క ముక్కలో చెప్పాడు.

ఎడమ వైపు చక్రాలు మాత్రమే మార్చాం. వెనకది ముందుకి, ముందుది వెనక్కి. పానాతో నట్లు బిగించడం నా పని. ఒకదాని తర్వాత పక్కది కాకుండా ఎదురుగా ఉన్నది బిగించాలట, లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుందట. మైదానానికి వెళ్ళాం. తొంభై దాటగానే సీటు ప్రశాంతంగా ఉంది. స్టీరింగ్ మాత్రం బతికున్న చేపలా కొట్టుకుంది.

రోగం చక్రంతో పాటు ముందుకొచ్చింది. అంటే అది ఎడమ వెనక చక్రంలోనే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక విషయం ఇంత ఖాయంగా తెలియడం నా జీవితంలో ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెడితే ఒక చెయ్యి చాలు.

ఖాజాబీ పొరకు మూడు రోజులు

చక్రం ఊడదీసి స్టాండుకు తగిలించి తిప్పాం. తిరిగి తిరిగి ఆగింది. సుద్దముక్కతో కింది భాగాన గీత పెట్టాడు. మళ్ళీ తిప్పాడు. ఆ గీతే కిందికొచ్చి ఆగింది. ఆరుసార్లు తిప్పితే ఆరుసార్లూ అదే. బరువున్న వైపు కిందికి దిగుతుంది, అంతే. టైరు బాగానే ఉంది, అరుగుదల సమానంగా ఉంది, ఎక్కడా ఉబ్బు లేదు.

చక్రాన్ని తిరగేసి లోపలి వైపు చూస్తే, రిమ్ము మీద సరిగ్గా గీత ఉన్న చోటే జానెడు మేర ఎర్రమట్టి గడ్డకట్టి ఉంది. కుళ్లాయప్ప తనను తానే తిట్టుకున్నాడు. వారం వారం పైప్‌తో కడుగుతాడు, నీళ్ళు లోపలికి అందవు. ఇంత మట్టి పట్టేదాకా చూసుకోలేదే, నాదే తప్పు అన్నాడు. స్క్రూడ్రైవర్‌తో గీకడం మొదలుపెట్టాడు. మట్టి కింద ఏదో మెరిసింది.

కన్ను.

ఇత్తడి రేకుతో చేసిన కన్ను. నడుమ గుడ్డు, గుండ్రంగా పాప. దాని పక్కన ఇంకోటి. ఇద్దరం గీకాం. మూడు వరసల్లో పదకొండు జతలు, అద్దాలు అతికించే నల్ల గమ్‌తో అతికించి ఉన్నాయి. జబ్బు నయమైతే దేవతకు కళ్ళు, కాళ్ళు, చేతులు రేకుతో చేయించి సమర్పించడం మాకందరికీ తెలిసిందే. బండి చక్రానికి సమర్పించడం మాత్రం ఎప్పుడూ వినలేదు. ఊడదీసి చూస్తే వెనకవైపు పేర్లు చెక్కి ఉన్నాయి. అన్నీ నాకు తెలిసిన పేర్లే. ప్రతి పేరుకూ ఈ పుస్తకంలో ఒక కుడి పేజీ ఉంది. ముల్లు రెండు, పొర క్షేమం.

ఒక జత మాత్రం రేకు కాదు. పోత పోసినవి, మందంగా, అరచేతిలో బరువుగా తగిలాయి. వెనక "చెన్నరాయుడు" అని ఉంది.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. వరండా చూసుకునే తాయమ్మ ఎత్తింది. మొదట తనకేమీ తెలియదంది. కుళ్లాయప్ప ఫోన్ అందుకుని, కండ్లు నా చేతిలో ఉండాయి తాయమ్మా అనేసరికి ఒప్పుకుంది. చూపొచ్చినవాళ్ళు ఏదో ఒకటి చేస్తామంటే తనే దారి చూపించిందట. ఆకాశం మూసుకున్నాక బండ్లన్నీ గుడ్డివైపోయాయి కదా, మనకు చూపు తెచ్చే బండికైనా కళ్ళుండాలి కదా అని ఎవరో మొదలుపెట్టారు. మా బండి ఎప్పుడూ ఎడమవైపే వరండాకు ఆనుకుని ఆగుతుంది, కుడివైపు చార్జింగ్ స్తంభం. నేను లోపల సంతకాలు పెడుతూ, కుళ్లాయప్ప టీ తాగుతూ ఉండే ఆ పావుగంటలో పని ముగించేవాళ్ళు. ఎవరివి వాళ్ళు వేరే చోట పెట్టకూడదు, ముందున్న కళ్ళ పక్కనే పెట్టాలి, కన్ను ఒంటరిగా ఉండకూడదట. మాకెందుకు చెప్పలేదంటే, చెప్పి పెట్టిన మొక్కు చెల్లదు హైమమ్మా అంది, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఈరమ్మవి ముందు మొక్కట. చూపు రాకముందే, వస్తుందన్న నమ్మకంతో పెట్టింది. ఎప్పుడని అడిగాను. కొబ్బరి మట్టలు వేసిన రోజు, అంది తాయమ్మ. వరండా కప్పు కారితే మట్టలు మోసుకెళ్ళింది మేమే. పుస్తకం తిరగేస్తే అది 207వ ప్రయాణం.

పొరశాల తక్కెడలో తూచాం. రేకు కళ్ళు పది జతలూ కలిసి డెబ్బై ఆరు గ్రాములు. ఈరమ్మ జత ఒక్కటే నలభై రెండు. 207 దాకా ముల్లు రెండు, రెండున్నర. 208లో ఐదు. 209లో ఏడు.

కుళ్లాయప్ప రాయి మీద కూర్చుని ఆ కళ్ళని గుడ్డతో ఒక్కొక్కటే తుడిచాడు. కోపం వస్తుందనుకున్నాను. "నాకు దండేసినోళ్ళు లేరు ఇంతవరకూ" అన్నాడు. 

ఖాజాబీ పొరకు రెండు రోజులు

శుభ్రం చేసిన చక్రాన్ని స్టాండుకు తగిలించి తిప్పితే ఇప్పుడు ఇంకో చోట ఆగింది. ఏ చక్రమూ పుట్టుకతో సమానంగా ఉండదట. పూర్వం షాపుల్లో మిషన్ మీద తిప్పి, తేలికగా ఉన్న చోట సీసం ముక్కలు కొట్టేవాళ్ళట. ఇప్పుడు ఆ మిషన్లు ఏ పొలాల్లో తుప్పు పడుతున్నాయో, సీసం ఎక్కడ దొరుకుతుందో తెలియదు.

కుళ్లాయప్ప రేకు కళ్ళు ఒక జత తీసుకుని, బరువు తక్కువైన చోట మైనంతో అంటించి తిప్పాడు. ఇంకా అటే దిగింది. రెండో జత అంటించాడు. తిప్పాడు. ఎక్కడ పడితే అక్కడ ఆగింది. మళ్ళీ తిప్పితే ఇంకోచోట. ఇరవై సార్లు తిప్పుంటాం, చిన్నపిల్లల్లాగా. మైనం తీసేసి గమ్‌తో గట్టిగా అతికించాడు. రెండు జతల కళ్ళు అలా చక్రంలోనే ఉండిపోయాయి, కాకపోతే ఉండాల్సిన చోట.

మైదానంలో నూరు. నూట అయిదు. సీటు కదల్లేదు, స్టీరింగ్ కదల్లేదు. టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈ మనిషి దగ్గర కూర్చునే ఉద్యోగం నాకు ఎవరిచ్చారో వాళ్ళకు దండం పెట్టాలనిపించింది. యూనివర్సిటీ మూతపడినప్పుడు నా అంత దురదృష్టవంతురాలు లేదనుకున్నాను.

214వ ప్రయాణం

ఖాజాబీ పొర. ఆరుంబావుకు బయల్దేరాం. పెట్టె నా ఒళ్ళో కాదు, ఎప్పటిలాగే దాని ఊయలలోనే ఉంది, నేను ముల్లు చూస్తూ కూర్చున్నాను. ఎనభై. తొంభై. కుళ్లాయప్ప నా వైపు చూడకుండా, ఎంత అని అడిగాడు. ఒకటిన్నర అన్నాను. నూరు. ఇంకా ఒకటిన్నరే. వంతెన దగ్గర గుంతలో పడ్డప్పుడు మూడుకు వెళ్ళి దిగింది. ఆ తర్వాత ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఎనిమిదీ యాభై మూడుకు చేరాం. డాక్టరమ్మ భూతద్దంలోంచి తలెత్తి, వెంటనే టేబుల్ సిద్ధం చేయమని లోపలికి కేకేసింది. నేను ఈసారి తల దించుకోలేదు.

కుళ్లాయప్ప వరండా గోడకు ఒక గుడ్డిబండి చక్రం తగిలించి వచ్చాడు. నిన్న కోళ్ళను బతిమాలి తీసుకొచ్చిన చక్రం. ఇకమీదట మొక్కులు దాని మీద పెట్టుకోమన్నాడు. మిగిలిన కళ్ళన్నీ తాయమ్మ దాని మీదకు మార్చింది. ఎందుకు మార్చారని అడిగితే బండి చక్రం కడగాలి కదా, ఊడిపోతాయని చెప్పమన్నాం. అబద్ధం కాదు. నిజంలో ఒక ముక్క.

ఆఫీసుకు కుడి పేజీలో ఇలా రాశాను: "కారణం: ఎడమ వెనక చక్రం లోపలి వైపు అదనపు బరువు. తొలగించాం. ముల్లు గరిష్ఠం మూడు." ఏం బరువో రాయలేదు. కుళ్లాయప్పకు మాత్రం, రాయని సంగతి కూడా చెప్పి సంతకం తీసుకున్నాను. అట్లే ఉండనీ అన్నాడు.

216వ ప్రయాణం

ఖాజాబీకి నాలుగు రోజుల కిందట కట్టు విప్పారు. ఈరోజు మేము వస్తామని తెలిసి వరండాలోనే కాచుకుని ఉంది. ఒక కన్ను ఇంకా మసకేనట, రెండోది బాగా ఆనుతోంది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇంత చిన్న బండా? చప్పుడు వింటే లారీ అనుకుంటి."

కుళ్లాయప్ప మొహంలోకి దగ్గరగా చూసి, గొంతు వింటే ఇంత ముసలోడివని తెలీలేదే అంది. ఆయన గ్లాసులో టీ తొణికింది. అది ఆయన చేతుల వణుకో, నవ్వో, నాకు అనవసరం. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. నేనూ గట్టిగా పట్టుకున్నాను. ఈ పని దొరికినందుకు, ఆ చేతుల మీద సున్నం మచ్చలు దగ్గర్నుంచి చూసే అదృష్టం పట్టినందుకు పొంగిపోయాను.

అప్పుడే ఈరమ్మ వచ్చింది, చెన్నరాయుడి చెయ్యి పట్టుకుని. ఆరు నెలలు ఆగి రెండో చెంప నుంచి తీసి చూస్తామన్నారట డాక్టరమ్మ, పెరుగుతుందో లేదో చెప్పలేమన్నారట. ఈరమ్మ గోడ మీది చక్రం వైపు చూసింది. తన జత అందరికంటే పైన ఉంది. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"మా ఆయనది ఎందుకు చెడిపాయమ్మా?"

బండి వణికింది, ఇప్పుడు బాగైంది, అన్నాను.

"నేను ముందే మొక్కు పెట్టింటి. చాల్లేదు కాబోలు. ఈతూరి ఇంకా పెద్దవి పోయించి పెడతా."

చెన్నరాయుడు నవ్వాడు. "నా కండ్లకంటే అవే పెద్దవయ్యేట్టుండాయి" అన్నాడు. ఆమె అతని భుజం మీద చిన్నగా ఒకటి వేసి, మెట్లు జాగ్రత్త అంటూ దించుకుని వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో కుళ్లాయప్ప ఒక్కటే అన్నాడు, గోడ చక్రం ఎంత బరువైనా మోస్తాది, పెట్టుకోనీ అని. ఆమెకు చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు.

ఇప్పుడు పొరశాల మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఎవరి గురించో వాళ్ళ ముందే చెప్పాలన్న మాట ఆయన దగ్గర నేర్చుకుని మూడు వారాలు కాలేదు. చెబితే, మొగుడి చూపును తన చేతులే చెడగొట్టాయని ఆమె బతికినన్నాళ్ళూ మోస్తుంది. ఆ పొరతో పాటు ఖాజాబీ మొదటి పొర కూడా ఆమె లెక్కలోకే వస్తుంది. చెప్పకపోతే, తన భక్తి చాలక అలా అయిందని మోస్తుంది. అది అబద్ధం. ఆమె భక్తి చాలినంత కంటే నలభై రెండు గ్రాములు ఎక్కువే.

అసలు ఆ జత లేకపోయినా మిగిలిన డెబ్బై ఆరు గ్రాములకు 208 నుంచి గమ్ మీద చేరిన మట్టి తోడైతే చాలునేమో. మైదానం ఉంది, మైనం ఉంది. ఆ జత వదిలేసి, మిగతా బరువంతా అదే చోట పెట్టి తొంభై అయిదులో నడిపి చూస్తే ఒక గంటలో తెలుస్తుంది. వణికితే, నీ వల్ల కాదమ్మా అని ధైర్యంగా చెప్పొచ్చు. వణక్కపోతే? తెలుసుకోవడమంటే ఇంత ఇష్టపడే నేను, ఆ గంట పనికి ఇప్పటిదాకా లేవలేదు.

ఈ మూడు వారాలు నాకు ఇచ్చినవన్నీ మనసారా పుచ్చుకున్నాను. ఈరమ్మకు చెప్పాలో వద్దో మాత్రం నాకు తేలలేదు.